ఒకే బస్సు ఎక్కారు... తలో స్టేజీలో దిగారు!

- యాభై ఏళ్ల కలయికకు 1977 బ్యాచి సన్నాహాలు
- ఒక్కరోజు తేడాతో రెండేళ్ల సర్వీసు పోయింది
- పొలానికి రిటైర్మెంటు ఏదంటున్న రైతు మిత్రులు

మైలవరం: "ఏరా, దిగావా?"

మైలవరం బస్టాండు దగ్గర టీ కొట్టులో ఇద్దరు పెద్దమనుషులు ఎదురుపడితే రెండు మూడేళ్లుగా వినిపిస్తున్న మొదటి పలకరింపు ఇదే. బస్సు దిగావా అని కాదు, ఉద్యోగం నుంచి దిగావా అని దాని అర్థం. "దిగాను బావా, మొన్న నెలాఖరున" అని ఒకరంటే, "నేను దిగి మూడేళ్లయింది" అని ఇంకొకరు. ఈ సంభాషణ వింటూ పక్క బల్ల మీద గ్లాసు పట్టుకుని కూర్చున్న మూడో మనిషి మాత్రం ఏమీ మాట్లాడడు. ఆయనా వాళ్ల తరగతివాడే. పంచె మోకాళ్ల పైకి కట్టి, పురుగుమందు డబ్బా కోసం ఊళ్లోకి వచ్చిన రైతు. ఆయనను ఎవరూ దిగావా అని అడగరు.

మైలవరం, వెల్వడం, పుల్లూరు, చండ్రగూడెం, గణపవరం తదితర గ్రామాల నుంచి 1977లో పదో తరగతి పాసై విజయవాడ కళాశాలల్లో ఇంటర్మీడియట్‌లో చేరిన మిత్రులు 2027లో యాభై ఏళ్ల కలయిక జరుపుకోవాలని సంకల్పించారు. ఆ ఏర్పాట్ల సందర్భంగా ఒకరి యోగక్షేమాలు మరొకరు విచారించుకోగా బయటపడిన సంగతులు ఆసక్తికరంగా ఉన్నాయి. ఒకే బస్సులో, ఒకే సీటులో కూర్చుని చదువుకు వెళ్లినవారు ఉద్యోగాల నుంచి మాత్రం ఒకేసారి దిగలేదు. కొందరికి అసలు దిగే స్టేజీయే లేదు.

క్యారేజీల కాలం

ఆ రోజుల్లో మైలవరం నుంచి బెజవాడ చేరాలంటే ఆర్టీసీ బస్సే దిక్కు. జి.కొండూరు, కొండపల్లి, ఇబ్రహీంపట్నం మీదుగా ప్రయాణం. కొండపల్లి దాకా ఏదో ఒకటి పట్టుకుని వెళ్లి అక్కడ ప్యాసింజరు రైలెక్కేవారు కొందరు. రోజూ తిరగలేనివారు నలుగురు కలిసి గది అద్దెకు తీసుకునేవారు. కిరసనాయిలు స్టవ్వు, ఇంటి బియ్యం, ఆవకాయ జాడీ, కందిపొడి డబ్బా - ఇదీ కాపురం. పండుగ నాడు ఊళ్లో అమ్మ సర్ది పంపిన క్యారేజీ బస్సులో వస్తే బస్టాండుకు వెళ్లి అందుకునేవారు. క్యారేజీ ఒకరిదైనా తినేది నలుగురు.

మెట్ట ప్రాంతం నుంచి వచ్చిన ఈ కుర్రాళ్లకు బెజవాడ కళాశాలల పేరు వింటేనే గౌరవం. 1937లో మొదలైన ఎస్.ఆర్.ఆర్. అండ్ సి.వి.ఆర్. కళాశాలలో విశ్వనాథ సత్యనారాయణ గారు పాఠం చెప్పారని, ఎన్.టి.రామారావు గారు అక్కడ చదివారని తెలియనివారు లేరు. విశ్వనాథ వారు బెజవాడ కళాశాల వదిలాక ఇంట్లో కూర్చోలేదు. 1959లో కరీంనగర్ కళాశాలకు ప్రిన్సిపాలుగా వెళ్లారు. 1970వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం ఆ తరువాతి మాట. రిటైరైన మిత్రులు ఇప్పుడు ఒకరికొకరు ధైర్యం చెప్పుకునేటప్పుడు ఈ సంగతి తరచు తలుచుకుంటున్నారు.

కాలేజీలో చేరిన మొదటి ఏడే, 1977 నవంబరు 19న, దివిసీమ ఉప్పెన వచ్చింది. వేలాదిమందిని పొట్టన పెట్టుకున్న ఆ తుపాను తరువాత ఈ కుర్రాళ్లు గదుల్లో తమకోసం ఉంచుకున్న బియ్యం మూటలు, దుప్పట్లు పోగుచేసి పంపారు. "మా బ్యాచి అంతా కలిసి చేసిన మొదటి పని అదే" అని నాటి విద్యార్థులు ఈ విలేకరితో చెప్పారు.

జూలై ఒకటో తేదీ మహిమ

ఈ బ్యాచి రిటైర్మెంట్ల జాబితా రాసుకుంటుంటే ఒక విచిత్రం కనిపించింది. చాలామంది జూన్ 30వ తేదీనే దిగారు. కారణం పల్లెటూరి వారికి చెప్పనక్కరలేదు. బడిలో వేసేనాటికి పుట్టినరోజు రాసిపెట్టుకున్న ఇళ్లు తక్కువ. "సాగరు డ్యాము కడుతున్నప్పుడు పుట్టాడండీ", "పెద్దగాలి వచ్చిన ఏడు అండీ" అని తల్లిదండ్రులు చెబితే, బడి మాస్టారు పిల్లవాడి ఎత్తూ పొడుగూ చూసి ఒక సంవత్సరం వేసి, ముందు జూలై 1 అని రాసేవారు. దాంతో ఊరి పిల్లలు సగంమంది ఒకేరోజు పుట్టినట్లయింది.

సర్వీసు నిబంధనల ప్రకారం ఉద్యోగి నిర్ణీత వయసు నిండిన నెల ఆఖరి రోజున దిగిపోవాలి. అయితే ఒకటో తేదీన పుట్టినవారికి అంతకు ముందు నెల ఆఖరి రోజే విరమణ. అంటే జూలై 1 వారు జూన్ 30న, జూలై 2 వారు జూలై 31న దిగుతారు. ఒక్కరోజు తేడాకు ఒక నెల జీతం. ఇది చిన్న తేడా. దీనికంటే పెద్ద దెబ్బ తిన్నవారు ఈ బ్యాచిలో ఉన్నారు.

1962 ఫిబ్రవరి మొదటి వారంలో అష్టగ్రహ కూటమి అని దేశమంతా హడలిపోయింది. ప్రపంచం మునిగిపోతుందని పూజలు, హోమాలు చేయించిన రోజులవి. ఈ బ్యాచిలోని ఒక మిత్రుడు అప్పటికి పొత్తిళ్లలో ఉన్నాడని, పురిటి మంచం మీదే ఆ వార్త విన్నానని తల్లి చెప్పేది. ఆ లెక్కన ఆయన పుట్టింది జనవరి నెలాఖరు. మాస్టారు మాత్రం సులువుగా ఉంటుందని 1-1-1962 అని వేశారు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉద్యోగుల విరమణ వయసు 60 నుంచి 62కు పెరిగింది 2022 జనవరి 1 నుంచి. ఒకటో తేదీ వాడు కనుక ఆయనకు 60 ఏళ్లు నిండి 2021 డిసెంబరు 31 సాయంత్రమే ఇంటికి పంపారు. మర్నాటి నుంచి పెంపు అమలు. అదే మాస్టారు 2-1-1962 అని వేసి ఉంటే 2024 జనవరి 31 దాకా కుర్చీలో ఉండేవారు. ఒక్క అంకె తేడాతో పోయింది ఇరవై అయిదు నెలల సర్వీసు. తేదీ సరిచేయించుకోవచ్చు కదా అంటే, సర్వీసు రిజిస్టరులో ఎక్కిన పుట్టిన తేదీ మార్పించడం 1984 నాటి నిబంధనల తరువాత దాదాపు కుదరని పని. "అష్టగ్రహ కూటమి లోకాన్ని ఏమీ చేయలేదు గానీ నన్ను మాత్రం వదల్లేదు" అని ఆయన నవ్వుతూనే చెప్పారు.

నాలుగు రకాల లెక్కలు

ఒకే తరగతి, ఒకే వయసు. అయినా ఎవరు ఏ సర్కారు కింద చేరారన్న దాన్ని బట్టి లెక్క మారింది. కాగితం మీద 1-7-1962న పుట్టిన నలుగురు మిత్రులను తీసుకుంటే విషయం తేటతెల్లమవుతుంది.

హైదరాబాద్ చేరి తెలంగాణ ప్రభుత్వంలో మిగిలిపోయినవాడు 58 ఏళ్లకు, 2020 జూన్ 30న దిగాడు. ఆ తరువాత తొమ్మిది నెలలకు, 2021 మార్చిలో, అక్కడ వయసును 61కి పెంచారు. ఆయనకు అందలేదు. రైల్వేలో చేరి విజయవాడలో పనిచేసినవాడు కేంద్ర ప్రభుత్వ లెక్క ప్రకారం 60 ఏళ్లకు, 2022 జూన్ 30న దిగాడు. ఆంధ్రప్రదేశ్‌లో పంతులు ఉద్యోగం చేసినవాడు 62 ఏళ్లకు, 2024 జూన్ 30న దిగాడు. ఇక నాలుగో వాడు కొండపల్లి పారిశ్రామికవాడలో ప్రైవేటు కొలువు చేసినవాడు. ఆయనకు ప్రావిడెంట్ ఫండు వారి పింఛను 58 ఏళ్లకే మొదలైంది గానీ, ఆ సొమ్ముతో ఇల్లు గడవక ఇప్పటికీ ఒక గోడౌనులో లెక్కలు రాస్తున్నాడు. 1995 నాటి ఆ పింఛను పథకంలో కనీస పింఛను 2014లో వెయ్యి రూపాయలు చేశారు. అది ఒక్క గ్యాసు బండకే చాలీచాలదని ఆయన వాపోయారు.

ఇంకో వింత. ఆంధ్రలోనే 1-7-1961 అని రాయించుకున్న మిత్రుడు 2021 జూన్ 30న 60 ఏళ్లకు దిగాడు. కాగితం మీద అతని కంటే ఒక్క ఏడాది చిన్నవాడైన పక్క సీటువాడు మూడేళ్లు అదనంగా పనిచేశాడు. ఇందులో ఇద్దరి తప్పూ లేదు, తెలివీ లేదు.

దిగిన తరువాత చేతికొచ్చే సొమ్మూ ఒకేలా లేదు. పాత పద్ధతిలో 33 ఏళ్ల సర్వీసు నిండితే ఆఖరి జీతంలో సగం పింఛను. ముప్ఫై దాటాక ఉద్యోగం దొరికినవారికి అన్ని ఏళ్లు నిండలేదు. 2004 సెప్టెంబరు 1 తరువాత పర్మినెంటయిన ఒకరిద్దరు కొత్త పింఛను విధానంలోకి పోయారు. పక్కపక్కన కూర్చుని చదివినా, వీరి పింఛను సంగతి వారి దగ్గర ఎత్తకుండా ఉండటమే మర్యాదగా పాటిస్తున్నారు.

వీళ్లకు ఉద్యోగం వచ్చిన కాలం

ఈ బ్యాచి డిగ్రీ పుచ్చుకుని బయటకొచ్చింది 1982లో. మరుసటి ఏడే ఎన్.టి.రామారావు గారు ముఖ్యమంత్రి అయ్యారు. 1983 ఫిబ్రవరి నెలాఖరు నుంచి రిటైర్మెంటు వయసును 58 నుంచి 55కు తగ్గించారు. నిరుద్యోగ యువతకు ఖాళీలు వస్తాయని అప్పుడు చెప్పిన కారణం. ఆ రామారావు గారే యువకుడిగా 1947లో సబ్ రిజిస్ట్రారు ఉద్యోగం దొరికితే కొద్ది వారాలకే వదిలి సినిమాలకు వెళ్లిన మనిషి. ఆయన ఉత్తర్వుతో 55 దాటిన వేలమంది ఒక్కసారిగా ఇంటిదారి పట్టారు. వయసును 1984లో మళ్లీ 58 చేశారు.

"అప్పుడు మాకు పాఠాలు చెప్పిన మాస్టార్లు కళ్లనీళ్లు పెట్టుకుని బడి మెట్లు దిగుతుంటే, మేము దరఖాస్తులు నింపుతూ సంతోషించాం" అని రిటైరైన ఉపాధ్యాయుడొకరు గుర్తుచేసుకున్నారు. 1984 జనవరిలో కరణం, మునసబు ఉద్యోగాలు రద్దయ్యాయి. తండ్రి తరువాత కరణీకం తనదేనని నమ్ముకున్న మిత్రుడొకడు ఉద్యోగంలో చేరకుండానే రిటైరయ్యానని ఇప్పటికీ చెప్పుకుంటాడు. ఆయన తరువాత చిల్లర కొట్టు పెట్టుకుని పిల్లలను చదివించాడు.

కాలం తిరగబడింది. 2014లో 60, 2022లో 62 అయినప్పుడు ఈ బ్యాచి వారు కుర్చీల్లో ఉన్నారు. 2022, 2023 సంవత్సరాల్లో వయసు నిండి దిగిన రాష్ట్ర ఉద్యోగి దాదాపు లేడు. ఆ రెండేళ్లు ఇంట్లో కొడుకులు, కూతుళ్లు పోటీ పరీక్షల పుస్తకాలు పట్టుకుని నోటిఫికేషన్ల కోసం చూశారు. తండ్రికి పొడిగింపు, కొడుకుకు ఎదురుచూపు. ఈ మాట పైకి అనడానికి ఏ ఇంట్లోనూ నోరు రాదు గానీ, టీ కొట్టులో కుర్రాళ్లు అనుకుంటూనే ఉంటారు. దిగిన పెద్దలు కూడా కాదనడం లేదు. తమ కోసం 1983లో ఎవరో కుర్చీ ఖాళీ చేయవలసి వచ్చిందని వారికి గుర్తుంది.

ఖాళీగా తిరిగొచ్చిన కాగితం

కలయిక కోసం నిర్వాహకులు మొదట ఒక కాగితం అచ్చు వేయించి ఊరూరా పంపారు. పేరు, ఊరు, చివరగా పనిచేసిన హోదా, రిటైరైన తేదీ, పింఛను కార్యాలయం, పిల్లలు ఎక్కడ స్థిరపడ్డారు - ఇవీ అందులోని గడులు. ఉద్యోగులందరూ చక్కగా నింపి పంపారు. పుల్లూరు వైపు నుంచి ఒక కాగితం మాత్రం పేరు, ఊరు రాసి, మిగతావన్నీ ఖాళీగా తిరిగి వచ్చింది. దాని వెనుక పెన్సిలుతో "నాకు తేదీ లేదు. నేను రాను" అని ఉంది.

ఆయన ఇంటర్ రెండో ఏట తండ్రి చనిపోతే చదువు మానేసి పొలం పట్టినవాడు. క్లాసులో లెక్కల్లో మొదటివాడు. ఆయన దగ్గర కాపీ కొట్టి పాసైన వారిలో ఇద్దరు గెజిటెడ్ అధికారులయ్యారు. బ్యాచి వారు నలుగురు ఆయన తోటకు వెళ్లారు. ఆయన అప్పుడు మామిడి చెట్ల కింద పాదులు సవరిస్తున్నాడు. వాటిలో కొన్ని ఆయన కాలేజీ మానేసిన ఏడు నాటినవి. ఇప్పటికీ కాస్తున్నాయి.

"ఏం చెప్పమంటార్రా అక్కడికొచ్చి? మీరంతా దండలు వేయించుకుని దిగారు. నాకు ఎవరు దండ వేస్తారు? రేపు పొద్దున నీళ్ల వంతు నాదే" అన్నాడట. వెళ్లిన నలుగురికీ మాట రాలేదు.

రైతు మిత్రుల పరిస్థితి ఆలోచించదగినదే. సాగర్ ఎడమ కాలువ చివరి భూములు, బోర్లు, వాన మీద ఆధారపడ్డ ఈ మెట్టలో మామిడి, పత్తి, మొక్కజొన్న వేసి బతికేవారికి 62 ఏళ్లయినా, 72 ఏళ్లయినా పని ఒకటే. ఏడాదికి మూడు విడతల్లో వచ్చే ఆరువేల కిసాన్ సొమ్ము, 2025 ఆగస్టులో మొదలైన అన్నదాత సుఖీభవ సాయం పెట్టుబడికి ఆసరాయే గానీ పింఛను కాదు. ఎన్టీఆర్ భరోసా కింద 60 ఏళ్లు నిండినవారికి 2024లో నాలుగువేలు చేసిన వృద్ధాప్య పింఛను ఉంది. కానీ మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు దాటితే అర్హత లేదు. మెట్టలో పదెకరాల పైన ఉండి అప్పుల్లో మునిగిన రైతుకు అదీ అందదు. కౌలు రైతు సంగతి మరీ అన్యాయం. భూమి కాగితం మీద ఆయన పేరే ఉండదు.

ఆడపిల్లల ఆచూకీ

బ్యాచిలో చదివిన ఆడపిల్లల సంగతి మరొకటి. పెళ్లితో ఇంటిపేరు మారింది, ఊరు మారింది. మగవారి చిరునామాలు నెలలో దొరికితే, వీరిలో సగంమంది ఆచూకీ ఇంకా తెలియలేదు. దొరికినవారిలో పంతులమ్మలు, నర్సులు ఉన్నారు. దొరికిన ఒకావిడ ఉద్యోగం చేయలేదు. అత్తమామలకు, పిల్లలకు చేసి, ఇప్పుడు మనవలను బడికి పంపుతోంది. "అన్నయ్యా, నన్ను ఏ గడిలో వేస్తారు?" అని ఆమె ఫోనులో అడిగిందట. ఆ ప్రశ్నకూ, పుల్లూరు కాగితానికీ జవాబు ఒకటేనని నిర్వాహకులకు అప్పుడు తోచింది.

గడులు మార్చారు

ఇటీవల మైలవరంలో సమావేశమైన మిత్రులు పాత కాగితం పక్కన పెట్టి కొత్తది రాశారు. హోదా, రిటైరైన తేదీ, పింఛను గడులు తీసేశారు. వాటి చోట రెండే ప్రశ్నలు: "ఇప్పుడు ఏం చేస్తున్నారు? మీకు ఏ విషయంలో మా సాయం కావాలి?"

రెండో ప్రశ్నకు వస్తున్న జవాబులే ఇప్పుడు వారికి పని కల్పిస్తున్నాయి. ఒక మిత్రుడి భార్యకు కుటుంబ పింఛను కాగితాలు కదలలేదు. ట్రెజరీలో పనిచేసి దిగినాయన వాటిని చేతిలోకి తీసుకున్నారు. ఏటా బతికి ఉన్నట్లు ఇవ్వవలసిన ధ్రువపత్రం కోసం బస్సెక్కి తిరిగే వృద్ధులకు, ముఖం గుర్తించి ఫోనులోనే ఆ పని పూర్తిచేసే జీవన్ ప్రమాణ్ పద్ధతిని నేర్పడానికి ఒక బ్యాంకు విశ్రాంత ఉద్యోగి ముందుకొచ్చారు. కౌలు రైతులకు పంట సాగుదారు హక్కు పత్రం కోసం దరఖాస్తు రాసిపెట్టే బాధ్యత రెవెన్యూలో చేసినాయనది. పిల్లల పోటీ పరీక్షలకు లెక్కలు చెప్పడానికి ఇద్దరు మాస్టార్లు ఒప్పుకున్నారు. కరోనా రోజుల్లోనూ, ఆ తరువాతా వెళ్లిపోయిన మిత్రుల కుటుంబాలను ముందుగా పిలవాలని కూడా తీర్మానించారు.

ముహూర్తం దగ్గర మరో పేచీ వచ్చింది. అమెరికాలో, హైదరాబాద్‌లో ఉన్న పిల్లలు వచ్చే వీలుంటుందని ఉద్యోగం చేసి దిగినవారు మే నెల అన్నారు. మే అంటే మామిడి కోతలు, నున్న మార్కెట్టుకు లోడ్లు పోయే రోజులు, తామెలా వస్తామని రైతులు అడ్డుపడ్డారు. చివరకు రైతుల మాటే నెగ్గింది. 2027 జూన్ ఆఖరు వారంలో, కోతలు ముగిశాక, కలయిక జరపాలని నిర్ణయించారు. వేదిక మీద కుర్చీలు వేయకుండా అందరూ కింద పంక్తిలోనే కూర్చోవాలని, దండలు, శాలువాలు ఉండరాదని అనుకున్నారు. భోజనంలో నాటి క్యారేజీల జ్ఞాపకంగా ఆవకాయ, కందిపొడి తప్పనిసరి.

కొత్త కాగితం పుల్లూరు వైపు కూడా వెళ్లింది. ఈసారి అది నిండి తిరిగి వచ్చింది. "ఇప్పుడు ఏం చేస్తున్నారు?" అన్న చోట "మామిడి, ఆరెకరాలు" అని ఉంది. సాయం అన్న చోట "ఏమీ వద్దు. ఆ రోజు పళ్లు నావి" అని రాశాడు.

1977లో ఈ ప్రాంతం నుంచి బెజవాడ వెళ్లి చదివిన తమ ఆడపడుచుల చిరునామాలు తెలిసినవారు, ఏ ఊళ్లో ఉన్నా, ఆ బ్యాచిలో తమకు తెలిసిన వారెవరికైనా చెప్పవలసిందిగా మిత్రులు కోరుతున్నారు.